పదకొండు గ్లాసుల పథ్యం

కుడుము లెన్ని తినినఁ గుక్షి నొవ్వని సామి!
కడుపులోని యగ్నిఁ గాచువాఁడ!
ఆకు నలమునందు నమృతమ్ము నింపిన
వేల్పు! మమ్ము నెల్లవేళఁ బ్రోవు.

ఇరువదియొక్క పత్రితో పూజలందుకొనే ఆ స్వామికి ముందుగా మ్రొక్కి, ఆ పత్రి వరుసలో చోటు దక్కకపోయినా పెరటి కుండీలో తలయెత్తి నిలిచే వామాకును మనసున తలచి, కన్నడసీమ అంచున ఉన్న బాగేపల్లి పురవాసి, మాటల మూటకు ముడి వేయడం ఎరుగని మహానుభావుడు పిళ్ళప్ప చెప్పిన కథను, ఆయన నోట వెలువడిన విధాననే ఇక్కడ విన్నవిస్తున్నాను. ఇందులో తప్పులుంటే అవి నావి. కోతలు మాత్రం ఆయనవి.

అది వేరుశనగ పెరికే కాలం. సాయంకాలం నాలుగున్నర. బాగేపల్లి బస్టాండు వాకిట, అక్కయమ్మ టీ అంగడిలో పాలు పొంగుతున్నాయి. అంగడి ముందరి బల్లమీద ఒక కొసను పిళ్ళప్ప, నడుమ తన కాయల మూటకు చేయి ఆనించి రైతు చెన్నరాయప్ప, రెండవ కొసను, ఒడిలో మజ్జిగ సీసాతో అంబిక కూర్చుని ఉన్నారు. అంబిక చూపు మాత్రం చింతామణి రోడ్డుమీదనే ఉంది.

ఆమె భర్త దేవరాజు, బాగేపల్లి నుంచి చింతామణికి పోయే ప్రైవేటు బస్సు డ్రైవరు. ఏడాదిగా అతనికి కడుపులో మెలిపెట్టే నొప్పి. అది వచ్చిందంటే దారి నడుమనే బండి నిలిపి, దిగి, చెట్టు చాటుకు పరుగెత్తవలసిందే. ఒకే నెలలో మూడుసార్లు అలా జరిగేసరికి బస్సు యజమాని మంజునాథ ఒక గడువు పెట్టాడు. పద్నాలుగు దినాలు కడుపుకోసం దారిలో నిలపకుండా తోలితే స్టీరింగు దేవరాజుది. ఒక్క దినం నిలిపినా, మరునాటినుంచి వేరే డ్రైవరు. పదమూడు దినాలు నిర్విఘ్నంగా గడిచాయి. ఈనాడు పద్నాలుగవది. ఐదూ పదికి బస్సు తిరిగి రావాలి.

అక్కయమ్మ అలవాటు చొప్పున గ్లాసు చాచింది. "టీ తాగప్పా పిళ్ళప్పా."

"వద్దమ్మా. కథ చెప్పేటప్పుడు నేను టీ ముట్టను."

"ఎప్పట్నుంచి?" అన్నాడు చెన్నరాయప్ప.

"ఈ పొద్దుట్నుంచి." పిళ్ళప్ప నడుముకు చుట్టిన తువ్వాలును మరికొంత బిగించి, గొంతు సవరించుకున్నాడు. "అంబికమ్మా, నువ్వు రోడ్డు చూడొద్దు, నన్ను చూడు. మీ ఆయన వస్తాడు. రాకుండా యాడికి పోతాడు? మందు ఇచ్చింది ఎవరనుకున్నావు? మొదటి దినం సంగతి ఉన్నదున్నట్ల చెప్తాండా, ఒక్క మాట ఎక్కువ చెప్పను. దేవరాజు ఒక చేత్తో స్టీరింగు పట్టుకోని, ఇంకో చేత్తో కడుపు పట్టుకోని, 'అప్పా, పేగుల్ని ఎవురో తడిగుడ్డ పిండినట్ల పిండుతాండారు' అనె. చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మ స్కానింగు తీసింది, రక్తం చూసింది, పుండు లేదు, గడ్డ లేదు, పేగుకు చిరాకు అనె. పేగుకు చిరాకంట! చిరాకు పడినోళ్ళతో ఎట్ల మెలగాల్నో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నలభై ఏండ్లు మా అంజనమ్మతో కాపరం చేసినోణ్ణి!"

"అంజనమ్మ ఈ పక్కకే వస్తాదప్పా కూరాకులకి. చూసుకోని మాట్లాడు," అంది అక్కయమ్మ.

పిళ్ళప్ప ఒకమారు వీథి రెండువైపులా చూసి, గొంతు కొంచెం తగ్గించి సాగించాడు. "ఐదు వామాకులు. అదే, కన్నడంలో దొడ్డపత్రె అంటారు చూడు, మందంగా ఉంటాది, ఆ ఆకు. నిప్పులమింద వాడ్చి, రసం పిండి, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు వేసి, పలచటి మజ్జిగలో కలిపి ఇచ్చినా."

"ఆకు మా కుండీదప్పా," అంది అంబిక, రోడ్డు మీదనుంచి చూపు మరల్చకుండానే. "మజ్జిగ నేను చిలికింది."

"కాదంటినా? రసం పిండిన చెయ్యి ఎవరిది తల్లీ?"

"చెయ్యీ నాదే."

"నోరెవరిది? 'తాగప్పా దేవరాజూ' అని చెప్పిన నోరు ఎవరిది? ఆకులు ఊరంతా ఉండాయి, మజ్జిగ ఇంటింటా ఉండాది. చెప్పే నోరు లేకనే కదా జనం బాధపడతాండారు!"

చెన్నరాయప్ప తలాడించాడు. నోటి విషయంలో వాదన పెట్టుకోగల ధైర్యం ఆ బస్టాండులో ఎవరికీ లేదు.

"ఊరికే మందిస్తే మందెట్ల అవుతాది? పథ్యం పెట్టినా. గట్టి పథ్యం! పద్నాలుగు దినాలు టీ చుక్క నాలుకకు తగలకూడదు. మన రూటు సంగతి తెలుసు కదా. బస్సు నిలిచిన ప్రతి అంగడిలోను డ్రైవరుకు ఊరికే టీ ఇస్తారు. కిటికీలోంచి గ్లాసు లోపలికి వస్తాది. వద్దంటే అంగడోళ్ళు మొగం ముడుచుకుంటారు. పోతా వస్తా పదకొండు గ్లాసులు! ఏడాదంతా తాగినాడు పాపం, మర్యాద కోసరం."

"డాక్టరమ్మ కూడా టీలు తగ్గించమనిందప్పా," అంది అంబిక. "ఈయన ఆ మాట చెప్పినా అంగళ్ళలో ఎవురూ వినలేదు."

"నేనూ వినలేదులే," అక్కయమ్మ ఒప్పుకుంది. "'డాక్టర్లు ఏమన్నా అంటారు, ఒక్క గ్లాసుకు ఏమైతాది' అని నేనే తాపించినా. పథ్యం అన్నాక ఇంగ బలవంతం చేయలేదు. ఒకరి పథ్యం చెడగొట్టిన పాపం నాకెందుకు?"

"విన్నారా? ఆ ఒక్క మాట నా నోట్లోంచి రావాల్సి వచ్చె! నా మందు ఒక గుటక తాగినాడు. దారిలో పరగోడు ఊరు దాటినా బండి నిలపలేదు. ఇంతే అయితే నేను చెప్పే పనే లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకుంటే వదుల్తావా?" అన్నాడు చెన్నరాయప్ప.

"రెండో దినం పరగోడులో ఒక అవ్వ ఎక్కింది. పన్నెండేండ్లుగా రాగిముద్ద మింగలేదంట. మింగితే కడుపు మెలిపెడతాదంట. మన దేవరాజు తాగిన గ్లాసు అడుగున ఒక చుక్క మిగిలిండాది. అవ్వ దాన్ని తాగలేదు, వాసన చూసింది. వాసనే! చాకవేలు వచ్చేలోపల పక్కనోళ్ళ క్యారియరు విప్పి నాలుగు ముద్దలు మింగేసింది. ఇంగా ఆకలి తీరక క్యారియరు మూత కొరకబోతాంటే కండక్టరు చంద్రు పెరుక్కున్నాడు."

"మూతకు పండ్ల గాట్లు పడినాయా?"

"అవ్వకు పండ్లు యాడివప్పా? చిగుర్ల గాట్లు పడినాయి!"

అక్కయమ్మ నవ్వు ఆపుకోలేక పాలగిన్నెను మంటమీదనుంచి దించింది. పిళ్ళప్ప ముఖం వికసించింది. అయితే ఆ వికాసం నడుమ ఒక క్షణం ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. బల్లమీద కొంచెం ఒరిగి, చేతిని తువ్వాలు క్రిందికి పోనిచ్చి, మళ్ళీ తేరుకున్నాడు.

"ఐదో దినం చాకవేలులో పెండ్లి. బస్సులో యాభైముగ్గురం ఉన్నాము. తలా ఒక చుక్క నాలుకమింద వేసినా. ఆకలి పుట్టింది చూడప్పా, ఆ ఆకలి నేను చెప్తే మీరు నమ్మరు. అందుకే సగమే చెప్తా. ఆరునూర్ల మందికి వండింది మేము యాభైముగ్గురమే ఊడ్చేసినాము. వంటోళ్ళు గరిటెలు ఆడనే పారేసి గుట్ట ఎక్కినారు. పెండ్లికొడుకు తాళి కట్టి భోజనానికి వచ్చేసరికి పంక్తిలో విస్తర్లు కూడా లేవు."

"విస్తర్లు ఏమైనాయప్పా?"

"అవి కూడా అరిగినాయి. అదే కదా మందు మహిమ!"

బస్టాండు గడియారంలో నాలుగూ యాభై అయింది. అంబిక ఫోను తీసి చూసి, మళ్ళీ కొంగున ముడిచింది. బండి తోలేటప్పుడు దేవరాజు ఫోను ఎత్తడు. ఎత్తితే బండి నిలిపినట్టే. అందుకే చేయడానికీ ఆమెకు భయం. మూడుసార్లు అతడు ఫోను ఎత్తిన ఆ నెల ఆమెకింకా గుర్తుంది. మూడుసార్లూ అతని గొంతులో నొప్పికంటే సిగ్గే ఎక్కువగా వినిపించింది.

"అప్పా," అంది నెమ్మదిగా, "పదమూడు దినాలు వెంబడే పోతివి కదా, ఆయన వెనక సీట్లో కూర్చోని. ఈ పొద్దు ఏల పోలేదు? కడాపటి దినం కదా."

పిళ్ళప్ప తువ్వాలు ముడి సర్దుకుని అందుకున్నాడు. "వైద్యుడు ఎప్పుడూ వెంబడే ఉంటే రోగానికి భయం అలవాటైపోతాది తల్లీ. ఈ పొద్దు నేను లేకపోతే నొప్పి ఏమనుకుంటాది? 'పిళ్ళప్ప యాడనో పొంచి ఉండాడు' అనుకుంటాది. ఇంగా భయపడతాది. సరే, తొమ్మిదో దినం ఏమైందో తెలుసా? బస్సుకే కడుపునొప్పి వచ్చింది!"

"బస్సుకా?"

"బస్సుకే. చేలూరు దాటినాక లోపల గుడగుడ, గడగడ. మెకానిక్కు వచ్చి గేరుబాక్సు అనె. నేను బానెట్టుకు చెవి ఆనించి విన్నా. 'గేరుబాక్సు కాదప్పా, వాయువు' అంటి. ఒక చెంబు వామాకు మజ్జిగ డీజిలు ట్యాంకులో పోసినా. రెండు నిముషాలు గమ్మున ఉండింది. తర్వాత తేన్చింది చూడు! ఆ తేన్పుకు చింతామణి మార్కెట్లో టమాటా గంపలన్నీ పల్టీ కొట్టినాయి. బస్సు తేలికై నేల వదిలి లేచింది. రెండు స్టాపులు పైనుంచే పోయినాము. ఆ స్టాపుల్లో దిగాల్సినోళ్ళు ఇప్పటికీ నామింద కోపంగా ఉండారు."

"మంజునాథకు తెలిస్తే బస్సుకూ పథ్యం పెడతాడు," అంది అక్కయమ్మ.

"పెట్టినా కదా! ఆ దినంనుంచి ఆ బస్సు కల్తీ డీజిలు ముట్టదు. ఇంగ పదకొండో దినం, చెన్నరాయప్పా, ఇది నీ చేను పక్క సంగతి. ఆ పక్కన పద్నాలుగునూర్ల అడుగుల బోరు ఉండాది కదా, చుక్క నీళ్ళు రానిది? నేను పైపుమింద రెండు వేళ్ళు పెట్టి నాడి చూసినా. లోపల నీళ్ళు లేక కాదప్పా, భూమికి కడుపు పట్టేసింది! ఒక్క గ్లాసు పోసి, పైపు చుట్టూ మెల్లగా నిమిరినా. బాగేపల్లినుంచి చింతామణి దాకా నేల ఒక్కసారి నిట్టూర్చింది. నీళ్ళు చింతచెట్టంత ఎత్తు లేచినాయి. నీళ్ళతోబాటు మూడు చేపలు. అందులో ఒకటి నాకు దండం పెట్టింది."

"పొద్దున్నే చూసొచ్చినా," అన్నాడు చెన్నరాయప్ప తాపీగా. "మూడేండ్లకిందట ఎండినట్ల ఎండే ఉండాది."

"నువ్వు పోయినావు కాబట్టే మళ్ళ లోపలికి పోయినాయి. నిన్ను చూస్తే భూమికి కూడా చిరాకు!"

చెన్నరాయప్ప తనమీద తానే నవ్వుకున్నాడు. ఇంతలో గడియారం ఐదూ పది చూపింది. ఎదుటి వైపునుంచి మంజునాథ వచ్చి, చేతులు వెనుక కట్టుకుని రోడ్డు మలుపు దగ్గర నిలిచాడు. ఐదూ పదమూడు. అంబిక లేచి నిలుచుంది. చేతిలోని మజ్జిగ సీసాను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఐదూ పదిహేను.

పిళ్ళప్ప ఆమె వేళ్ళను చూశాడు. అక్కడ అందరికన్నా ముందు ఆమె భయాన్ని గమనించినవాడు ఆయనే. వెంటనే తన నొప్పిని మరచినవానివలె నిటారుగా కూర్చుని, గొంతు హెచ్చించాడు. "కూర్చో తల్లీ, అసలు కథ ఇప్పుడుండాది! మొన్న గ్రహణం పట్టినప్పుడు ఏమైందో తెలుసా? రాహువు చంద్రుణ్ణి మింగినాడు. నమిలి మింగినాడా? లేదు! మనం ముద్ద మింగినట్ల గుటుక్కున మింగినాడు. ముద్దకైతే పులుసో సారో ఉంటాది, జారిపోతాది. చంద్రుడికి సారు యాడిది? కడుపు పట్టేసింది. విడిచే గడియ దాటె, చంద్రుడు బయటికి రాడు. మిద్దెమింద నిలబడి నేను ఒక గ్లాసు మందు పైకి విసిరినా..."

"పిళ్ళప్పా," చెన్నరాయప్ప చేయి అడ్డం పెట్టాడు. "రాహువుకు తలకాయ ఒక్కటే కదా. కడుపే లేదు. లేని కడుపుకు నొప్పి యాడిది?"

పిళ్ళప్ప రెప్ప వేయలేదు.

"అదే కదప్పా కష్టం! మొదలు కడుపు పెట్టినా. తర్వాత దానికి నొప్పి తెప్పించినా. ఆ తర్వాత నయం చేసినా! ఒక్క రోగికి మూడు పనులు. ఏ డాక్టరుకన్నా చేతనవుతాదా చెప్పు!"

మంజునాథ కూడా వెనుదిరిగి నవ్వాడు. కన్నీటి అంచున నిలిచిన అంబిక సైతం నవ్వింది. ఆ నవ్వుల నడుమనే మలుపు అవతల పొడుగాటి హారను మ్రోగింది.

బస్సు వచ్చి నిలిచింది. మంజునాథ ముందు డ్రైవరును చూడలేదు. మెట్లు దిగుతున్న కండక్టరు చంద్రును అడిగాడు. "ఆరు నిముషాలు లేటు. యాడన్నా నిలిపినాడా?"

"నిలిపినాడన్నా. చేలూరు ఈవల, గొర్రెల మంద అడ్డమొస్తే."

"కడుపుకు?"

"గొర్రెలకే అన్నా. కడుపుకు కాదు."

మంజునాథ బస్సు చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు దగ్గరకు వెళ్ళాడు. దేవరాజు బండి ఆర్పి, తాళపుచెవిని తీసి ఇవ్వబోయాడు. యజమాని ఆ చేతిని మూసి, తాళపుచెవిని అతని గుప్పిట్లోనే ఉంచాడు. "రేపు కూడా నువ్వేనప్పా. ఎల్లుండీ నువ్వే."

దేవరాజు క్రిందికి దిగాడు. అంబిక ముందుకు వచ్చింది. మజ్జిగ సీసా మూత తీసి అందించింది. అతడు సగం తాగి, మూతి తుడుచుకుని, ఆమెను చూసి తలాడించాడు. ఏడాదిగా ఎరుగని నిమ్మళం ఆ తల ఊపులో ఉంది.

"చూసినారా?" పిళ్ళప్ప బల్లమీదనుంచే ప్రకటించాడు. "నయం చేసినా! పేగులో రోగమనే మాట లేకుండా చేసినా!"

సంతోషం పట్టలేని అక్కయమ్మ, పాత అలవాటున, చిక్కటి టీ పోసి గ్లాసును దేవరాజుకు చాచింది. అతడు రెండు చేతులు జోడించాడు. "పథ్యమమ్మా. ఈ రాత్రి దాకా."

"అయ్యో, మరిచినా." ఆమె చేయి సహజంగానే ప్రక్కకు తిరిగింది. "అయితే నువ్వు తాగప్పా పిళ్ళప్పా. పోసింది పారబోయకూడదు."

ఆ గ్లాసును చూసి పిళ్ళప్ప బల్ల చివరిదాకా జరిగాడు. ముఖం పాలిపోయింది. రెండు చేతులూ తువ్వాలు మీదికి పోయాయి.

దేవరాజు ఆయన ఎదుట గొంతుకూర్చున్నాడు. గౌరవం తగ్గకుండానే అడిగాడు. "అప్పా, నేను పథ్యంలో ఉన్న పదమూడు దినాలు దారిలో అంగడోళ్ళు బలవంతం చేయకున్నా, అలవాటున పోసిన గ్లాసు కిటికీలోంచి పెడతానే ఉండిరి. పోసింది పారబోస్తే నొచ్చుకుంటారు. దినానికి పదకొండు, పదమూడు దినాలకు నూటనలభైమూడు. ఆ టీలన్నీ ఎవరు తాగినారప్పా?"

పిళ్ళప్ప ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఇంకా చంద్రుడు లేడు, సాక్ష్యానికి రాహువూ లేడు.

"నా వెనక సీట్లో కూర్చోని, 'వైద్యుడు తాగితే రోగి తాగినట్టే' అని అన్ని గ్లాసులూ నువ్వే అందుకుంటివి," అన్నాడు దేవరాజు. "నా కడుపునొప్పి నయం కాలేదప్పా. సీటు మారింది. ముందు సీట్లోంచి వెనక సీట్లోకి వచ్చింది."

బస్టాండు దద్దరిల్లేలా నవ్వింది చెన్నరాయప్పే. కాయల మూట అతని చేతిక్రిందనుంచి ఒరిగి పడింది, అయినా పట్టించుకోలేదు. అక్కయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వనిది అంబిక ఒక్కతే. సీసాలో మిగిలిన సగం మజ్జిగను గ్లాసులోకి వంచి, పిళ్ళప్ప చేతికి ఇచ్చింది.

"తాగప్పా. పథ్యం అనే మాట నీ నోట రాకుంటే ఏ అంగడోళ్ళూ మా ఆయన్ను వదిలేవాళ్ళు కాదు. ఆ గ్లాసులు నువ్వు అందుకోకుంటే ఆయన మర్యాదకు మళ్ళ తాగేవాడే. ఆకు నాది, మజ్జిగ నాది, చెయ్యి నాది. నొప్పి మాత్రం నువ్వు పడితివి. తాగు."

పిళ్ళప్ప మొట్టమొదటిసారి మాట లేకుండా గ్లాసును అందుకున్నాడు. వామాకు ఘాటు, జీలకర్ర వాసన ఆయన ముక్కుకు సోకాయి. కళ్ళు మూసుకుని గుటకగుటకగా తాగాడు.

"పద్నాలుగు దినాలు టీ వద్దు," అంది అంబిక.

"సరే తల్లీ."

"కోతలు కూడా వద్దామ్మా?" చెన్నరాయప్ప అడిగాడు.

"అవి వద్దంటే అరగక చస్తాడు," అంది అక్కయమ్మ. "అవి ఉండనీ."

కొంతసేపు గడిచింది. దేవరాజు బస్సు అద్దాన్ని తుడుస్తున్నాడు. అంబిక అతని ప్రక్కన నిలిచి, మరునాటి మజ్జిగకు కుండీలో ఎన్ని ఆకులు మిగిలాయో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నది. అప్పుడు పిళ్ళప్ప కడుపులోనుంచి, ఛాతీమీదుగా, గొంతు దాటి, దీర్ఘమైన, గంభీరమైన, నిర్మలమైన ఒక తేన్పు వెలువడింది. ఆయన నడుముకు బిగించిన తువ్వాలును విప్పి, దులిపి, భుజాన వేసుకుని, సభను కలయజూశాడు.

"చూసినారా? ఎవరికీ లొంగని పిళ్ళప్ప కడుపును నయం చేసినోడు ఎవురు? పిళ్ళప్పే! ఆ తేన్పుకు చింతామణిలో ఏమైందో రేపు పేపర్లో చూస్తారు!"

ఈ కథను చదివినవారికి, విన్నవారికి, వింటూ వింటూ నవ్వినవారికి తిన్నది అరుగుగాక. అరిగినది ఒంటబట్టుగాక. బయలుదేరిన బండి నడుమ నిలువక ఊరు చేరుగాక. వద్దన్న గ్లాసును నొచ్చుకోకుండా వెనుకకు తీసుకునే చేతులు దారి పొడుగునా దొరుకుగాక. అందరి కడుపులూ చల్లగా ఉండుగాక.